గంటన్నర ఉరికినా కుదురుకోని రాకీ: నల్లగొండలో ఒక కుర్ర లాబ్రడార్ కేసు

నల్లగొండ పట్నంలో హైదరాబాద్ రోడ్డు వైపు ఒక కాలనీ. రెండు పడకగదుల ఇల్లు, ముందు పది అడుగుల వాకిలి, పైన డాబా. కుక్క పేరు రాకీ, నల్ల లాబ్రడార్, మగది, పదో నెల, బరువు 27 కిలోలు. ఇంట్లో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు, తొమ్మిదో తరగతి పిల్లవాడు, డెబ్బై దాటిన నానమ్మ. కుక్కల శిక్షకులుగా మా దగ్గరికి వచ్చిన ఈ కేసు మార్చి రెండో వారంలో మొదలై మే రెండో వారానికి ఒక దరికి వచ్చింది. వానలు పడ్డాక మరోసారి చూడటం జరిగింది.

ఇంటాయన చెప్పిన ఫిర్యాదు ఒక్క మాట: "ఎంత ఉరికించినా అలుస్తలేదు సార్." మిగతావన్నీ దాని కిందికే వస్తాయి. గేటు దాటగానే గుంజుతుంది. బైకు పోతే దాని మీదికి ఎగబడుతుంది. నడక సగంలో వెనక్కి తిరిగి లీష్‌నే నోట కరుచుకొని ఊపుతుంది, అడ్డం పెట్టిన చేతికి పళ్లు దిగుతాయి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో సుడిగాలి: చెప్పులు, దిండ్లు, నానమ్మ కొంగు. ఫిబ్రవరిలో ఇంటాయన ఇనుప చైన్‌ను మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకొని నడుస్తుంటే అది పిల్లి వెంట పడింది. ఆయన బోర్లా పడి మోచేయి చీరుకుపోయింది.

వాళ్లు చేస్తున్నది తక్కువేమీ కాదు. పొద్దున ఏడున్నరకు ముప్పావుగంట నడక, సాయంత్రం డాబా మీద ముప్పావుగంట బంతాట. కుదురుకోలేదనిపిస్తే ఇంకో పావుగంట. కేసు ముడి ఆ 'ఇంకో పావుగంట'లోనే ఉంది.

ముందు డాక్టరు

గుంజుతోంది, కొరుకుతోంది అనగానే శిక్షణలోకి దిగకూడదు. నొప్పి ఉన్న కుక్క కూడా ఇలాగే చేస్తుంది. పశువైద్యుడు తుంటి కీళ్లు, చెవులు, పళ్లు, మలద్వారం పక్క గ్రంథులు, పాదాలు చూశారు. కీళ్లు బాగున్నాయి. కుడిచెవిలో కొద్దిగా ఇన్ఫెక్షన్ ఉంటే చుక్కల మందు ఇచ్చారు. వేళ్ల సందుల్లో గోమార్లు దొరికాయి, వాటికి నమిలే మాత్ర రాశారు. గోమార్లున్న కుక్క మందకొడిగా ఉండి జ్వరం, చిగుళ్లు పాలిపోవడం లాంటివి కనిపిస్తే రక్తపరీక్ష తప్పదు. దీనికి ఆ లక్షణాలు లేవు.

అసలు విషయం ముందరి కుడి పాదం కింద బయటపడింది. పెద్ద మెత్త మీద రూపాయి బిళ్ళంత చర్మం లేచి, అంచు తెల్లగా ఎండి, మధ్యలో గులాబి రంగు తేలింది. ఇంట్లోవాళ్లు ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నారు. ముల్లు కాదు. పగలంతా కాగిన డాబా సిమెంటు మీద బంతి కోసం ఉరికి, ఒక్కసారిగా బ్రేకు వేసి మలుపు తిరిగే చోట అరిగి, కాలి, లేచిన చర్మం అది. అంత పుండుతో కూడా రోజూ ఆడిందంటే ఆటలో ఉన్న కుక్క నొప్పి చెప్పదని అర్థం. 'దానికి ఇష్టం కాబట్టే ఆడుతోంది' అనే మాట ఇక్కడ కొలబద్ద కాదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చల్లబడుతుందా అని ఇంటాయన అడిగారు. గుంజడం, లీష్ కొరకడం, బైకుల వెంట పడటం ఆపరేషన్‌తో పోయే అలవాట్లు కావు. లాబ్రడార్‌లాంటి పెద్ద జాతుల్లో మరీ చిన్న వయసులో చేయిస్తే కీళ్ల జబ్బుల ముప్పు పెరగొచ్చు. కాబట్టి ఆ నిర్ణయాన్ని ఏడాది నిండాక డాక్టరుతో మాట్లాడి తీసుకునేలా వాయిదా వేశారు.

మూడు రోజుల నోట్‌బుక్

ఏ మార్పూ చేయకుండా మూడు రోజులు అరగంటకోసారి కుక్క ఏం చేస్తోందో రాయించాం. పిల్లవాడు బంతి ఎన్నిసార్లు విసిరాడో కూడా లెక్కపెట్టాడు: ఒక సాయంత్రానికి 70 నుంచి 80. రోజు మొత్తం నిద్ర పదిన్నర గంటలు. ఎదిగే కుక్కకు అది చాలదు. రాకీ పడుకునే చోటు గేటు పక్క నీడ. కూరగాయల బండి, పాల బండి, బడిపిల్లలు, ఎవరు పోయినా లేచి మొరుగుతుంది. పగలంతా నిద్ర ముక్కలు ముక్కలు.

రెండో రోజు సాయంత్రం అకాల వాన పడింది. బంతాట లేదు. ఆ రాత్రి గడిలో ఇలా ఉంది: "8:15 పడుకుంది." ముందురోజు అదే గడిలో "నానమ్మ చీర" అని ఉంది.

నిర్ధారణకు ఆ గీత చాలు. కుక్కకు వ్యాయామం తక్కువ కాలేదు, ఉద్రేకం ఎక్కువై నిద్ర తక్కువైంది. రోజూ ఉరికించే కొద్దీ కుక్కకు దమ్ము పెరుగుతుంది, కబడ్డీ ఆడే పిల్లలకు పెరిగినట్టే. నెల కింద అరగంటకు అలిసిన కుక్క ఇప్పుడు ముప్పావుగంట అడుగుతుంది. పైగా డెబ్బై సార్లు బంతి వెంట పడ్డ కుక్క ఒళ్లు అలిసినా మనసు దిగదు, గంటైనా అదే ఊపులో ఉంటుంది. ఏడింటి సుడిగాలి ఆ ఊపే.

జాతి సంగతి కూడా చెప్పాలి. లాబ్రడార్‌ను తయారుచేసింది వేటలో పడిన పిట్టను వెతికి తేవడానికి. ఆ పనిలో ఉరుకుడు కొంచెమే. చాలాసేపు వేటగాడి పక్కన కదలకుండా కూర్చొని చూడటం, తర్వాత ముక్కుతో వెతకడం, మెత్తగా నోట పట్టుకొని రావడం. డాబా మీద బంతాటలో మొదటి రెండూ లేవు. ఉరుకుడు ఒక్కటే మిగిలింది.

పది రోజులు నడక బంద్

మొదటి పది రోజులు నడక లేదు, బంతి లేదు అనగానే నానమ్మ ఒప్పుకోలేదు. "బయటికి తీస్కపోకుంటే ఇల్లు పీకి పందిరేస్తది సారూ." ఇప్పుడు వేస్తున్నది పందిరే కదమ్మా అంటే నవ్వి ఊరుకుంది. పాదం మానాలి కాబట్టి ఎలాగూ వేరే దారి లేదు.

నడక ఆపడమంటే కట్టేసి వదిలెయ్యడం కాదు. దాని స్థానంలో పెట్టినవి ఇవి.

పక్కనున్న ఖాళీ ప్లాటుకు రోజుకు నాలుగుసార్లు, లీష్ మీద, ఐదేసి నిమిషాలు. పని కానిచ్చి రావడమే. ప్లాటులో పల్లేరుకాయలున్న మూలను ముందే గునపంతో గీకించారు.

గిన్నెలో తిండి పూర్తిగా ఆపేశారు. రోజుకు 380 గ్రాముల పొడి మేత. అందులో 150 గ్రాములు పొద్దున వాకిట్లో, తులసికోట చుట్టూ గడ్డిలో చల్లుతారు. కుక్క ఒక్కో గింజ వెతుక్కొని తినడానికి పావుగంట పైనే పడుతుంది. 100 గ్రాములు పాత తువ్వాలులో చుట్టలు చుట్టి, గుడ్ల అట్టల మధ్య పెట్టి మధ్యాహ్నం. మిగతాది పాఠాలకు. పాఠాల్లో ఉప్పు, పసుపు, ఉల్లిగడ్డ లేకుండా ఉడికించిన చికెన్ కూడా వాడారు, శనగగింజంత ముక్కలు, రోజుకు 60 గ్రాములు మించకుండా. ఈ బరువు, ఈ వయసు కుక్కకు రోజుకు సుమారు 1,400 కేలరీలు కావాలి, బహుమతులు అందులో పదో వంతు దాటొద్దు. 60 గ్రాముల చికెన్ వంద కేలరీల దగ్గర తేలుతుంది. చికెన్ పెరిగిన రోజు మేత తగ్గించాలి, లేదంటే లాబ్రడార్ రెండు నెలల్లో డ్రమ్మవుతుంది.

ఒంటిగంట నుంచి నాలుగు దాకా లోపలి గదిలో నిద్ర. కిటికీకి పరదా, మూలన గోనెసంచి, కూలర్ చప్పుడు. బయటి శబ్దాలను మింగేస్తుంది కాబట్టి కూలర్ చప్పుడు ఇక్కడ మేలు చేసింది. గదిలోకి పంపేటప్పుడు నాకడానికి ఒకటిస్తారు: బోలు రబ్బరు బొమ్మలో రెండు చెంచాల ఉప్పులేని పెరుగన్నం కూరి రాత్రే ఫ్రీజర్‌లో పెట్టింది. నాకుడు, నములుడు కుక్కను కిందికి దించుతాయి. కొబ్బరి చిప్ప, వండిన బొక్కలు మాత్రం వద్దు, పెచ్చులూడి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

మొదటి మూడు సాయంత్రాలు పరిస్థితి ఇంకా చెడింది. సరిగ్గా ఐదున్నరకు డాబా మెట్ల దగ్గర నిలబడి మొరగడం, దాచిన బంతిని సోఫా కింద నుంచి పసిగట్టి తెచ్చి ఒళ్లో పెట్టడం. ఇలా జరుగుతుందని ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు రెండోరోజే బంతి విసిరేస్తారు, అప్పుడు మొరిగితే పని జరుగుతుందని కుక్క నేర్చుకుంటుంది. బంతులన్నీ బీరువాలోకి వెళ్లాయి. నాలుగో రోజు మొరుగుడు సగమైంది, ఏడో రోజుకు నిద్ర పద్నాలుగు గంటలు దాటింది.

బెల్టు, లీష్, చేతిపట్టు

ఇనుప చైన్ తీసేశాం. బరువు, చప్పుడు, ఎండలో చేతికి కాలుడు, అన్నిటికీ మించి చేతి నుంచి కుక్కకు ఏ సన్నని సంకేతమూ వెళ్లదు. మెడ బిగుసుకునే చోక్ చైన్ సంగతి అడగనే వద్దు. గుంజే కుక్కకు అది దగ్గు, గొంతు నొప్పి తెస్తుంది, పైగా బైకు కనిపించినప్పుడల్లా మెడ నొక్కుకుంటే బైకు మీద పగ ఇంకా ముదురుతుంది.

పెట్టినది ఛాతీ ముందు ఒక రింగు, వీపు మీద ఒక రింగు ఉన్న బాడీ బెల్టు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. చంక కింది పట్టీ మోచేతికి మూడు వేళ్లు వెనక ఉండాలి, లేకపోతే వారంలో వెంట్రుకలూడి ఒరుసుకుంటుంది. లీష్ రెండు మీటర్లది, వేలెడు వెడల్పు నైలాన్. గల్లీ నడకకు దాన్ని ముందు రింగుకు తగిలిస్తారు. గుంజితే ఛాతీ పక్కకు తిరుగుతుంది, ముందుకు ఊపు దొరకదు. వాసన నడకకు ఐదు మీటర్ల పొడుగు తాడు. దాన్ని వీపు రింగుకే తగిలించాలి. పొడుగు తాడు ముందు రింగుకో కాలర్‌కో వేస్తే, ఉరికిన కుక్క చివర ఆగినప్పుడు మెడో భుజమో దెబ్బతింటుంది. మంచానికి అల్లే నవారు ఐదు మీటర్లు కొని, ఒక కొసకు గట్టి కొక్కెం కుట్టిస్తే ఇది ఇంట్లోనే తయారవుతుంది. తడిసినా చేతిలో జారదు.

లీష్ కొసనున్న పిడి మడతను బొటనవేలికి తగిలించి, మిగతాది అరచేతిలో మడిచి పట్టుకోవాలి. మణికట్టుకు చుట్టడం పూర్తిగా నిషేధం, ఇంటాయన పడింది అందుకే. నానమ్మ ఆరో వారం దాకా లీష్ ముట్టలేదు.

ముప్పై అడుగుల నడక

గుంజకుండా నడవడం ఇంట్లో నేర్పాలి. గల్లీలో పరీక్ష మాత్రమే ఉంటుంది. మొదటి మూడు రోజులు హాల్లో, లీష్ లేకుండా: "పా" అని రెండడుగులు వేసి, కుక్క మన ఎడమ మోకాలి పక్కకు రాగానే "ఎస్" (సరిగ్గా చేశావని చెప్పే మాట), ప్యాంటు కుట్టు దగ్గర చికెన్ ముక్క. ముక్కను చేయి చాపి ముందుకు ఇస్తే కుక్క ముందుకే నేర్చుకుంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక పాఠం రెండు నిమిషాలు, రోజుకు ఆరు.

నాలుగో రోజు లీష్. తాడు బిగిసిందా, నిలబడిపోవాలి. వెనక్కి గుంజొద్దు, తిట్టొద్దు, పేరు పిలవొద్దు. కుక్క తల తిప్పిందో, ఒక అడుగు వెనక్కి వేసిందో తాడు వదులవుతుంది. ఆ క్షణానే "ఎస్", మళ్లీ నడక. ఇంట్లో నలుగురూ ఒక్కలాగే చేయాలి. ఇంటాయన నిలబడి, పిల్లవాడు గుంజితే గుంజనిస్తే ఫలితం సున్నా కాదు, అంతకంటే ఘోరం: ఎప్పుడో ఒకప్పుడు గుంజితే పని జరుగుతుందని తేలుతుంది, లాటరీ అలవాటులా పాతుకుపోతుంది.

గేటు దగ్గర విడిగా ఐదు రోజులు. కుక్క కూర్చుంటే గడియ తీస్తారు. లేస్తే గడియ పడుతుంది. కూర్చుంటే గేటు జానెడు తెరుచుకుంటుంది. ముక్కు దూర్చితే మూసుకుంటుంది. మొదటి రోజు బయట అడుగుపెట్టడానికి పదకొండు నిమిషాలు పట్టింది, ఐదో రోజు అరనిమిషం.

పదకొండో రోజు గల్లీలోకి. ముప్పై అడుగులు, వెనక్కి. అంతే. ఇంటాయన ముఖంలో "ఇదేం నడక" అన్న మాట కనపడింది. కానీ మొదటి ముప్పై అడుగుల్లో తాడు తొమ్మిది సార్లు బిగిసింది. తొమ్మిది తప్పుల మీద కిలోమీటరు కట్టలేం. రెండుసార్లకు తగ్గాకే ఇంకో ముప్పై.

లీష్ కొరుకుడు విషయంలో నోట్‌బుక్ పనికొచ్చింది. పాత నడకల్లో అది ఎప్పుడూ ఇరవై నిమిషాల తర్వాత, ఇంటి వైపు మలుపు తిరిగిన చోటే మొదలయ్యేది. అలసట, ఎండ, పైగా సరదా అయిపోతోందన్న విసుగు. మనిషి లీష్ వెనక్కి గుంజగానే అది తాడాటగా మారేది. పరిష్కారం మూడు ముక్కలు: నడకను పదిహేను నిమిషాలకు ముందే ముగించడం, తిరుగుదారిలో నాలుగుచోట్ల గింజలు నేల మీద చల్లి ముక్కును కిందికి దించడం, నోట పట్టుకుంటే చెయ్యి సడలించి విగ్రహంలా నిలబడటం. రెండు వారాల్లో ఆగింది. నడకను ఇరవై ఐదు నిమిషాలకు పెంచాక కూడా తిరిగి రాలేదు.

బైకులు, గల్లీ కుక్కలు

బైకుల కోసం కాలనీ మెయిన్ రోడ్డుకు పన్నెండు మీటర్ల దూరంలో ఒక గోడ మూల ఎంచుకున్నాం. ఆ దూరంలో రాకీ బైకును చూస్తుంది కానీ ఒళ్లు బిగించదు. చెవులు లేచి, కళ్లు బైకు మీద పడగానే "ఎస్", ముక్క. పది బైకులు పోయాక ఇంటికి. నాలుగో రోజు నుంచి బైకు చప్పుడు వినగానే అదే తల తిప్పి మనిషి ముఖం చూడటం మొదలుపెట్టింది. అప్పుడు రెండు మీటర్లు దగ్గరికి. ఎగబడిందంటే దూరం తక్కువైందని అర్థం, కుక్కది తప్పు కాదు. సైలెన్సర్ మార్చిన బైకులకు ఈ లెక్క పనిచేయదు. వాటిని చూస్తే వెనక్కి తిరిగి నడవడమే.

ఈ కాలనీలో గల్లీకో గుంపు కుక్కలున్నాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసిన వీధికుక్కలను పట్టిన చోటే వదలాలి. కాబట్టి నడక దారిని వాటి హద్దులు చూసుకొని గీసుకోవడమే మార్గం. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్, రేబిస్ టీకా అయినట్టు గుర్తు. పిల్లవాడు కాలనీ పటం గీసి మూడు గుంపుల హద్దులు గుర్తుపెట్టాడు: నీళ్ల ట్యాంకు దగ్గరవి పడుకొని చూస్తాయి, చికెన్ దుకాణం దగ్గరవి ఎదురొస్తాయి. చికెన్ దుకాణం దారి పటంలోంచి తీసేశారు. ఆదివారం అక్కడ బొక్కలు కూడా పడి ఉంటాయి.

ఎదురొచ్చే కుక్క ఇరవై మీటర్లలో ఉండగానే "ఇటు" అని వెనక్కి తిరగాలి. ఈ మలుపును ఖాళీ గల్లీలో యాభై సార్లు సాధన చేయించి ఉంచాలి, అవసరం పడ్డ రోజు నేర్పలేం. పరుగు వద్దు, రాయి ఎత్తొద్దు. దగ్గరికొచ్చేస్తే పిడికెడు మేత వాటి ముందు విసిరి నడిచిపోవాలి. చేతిలో గొడుగు ఉంటే ఒక్కసారిగా విప్పితే గోడలా అడ్డం పడుతుంది. ఎవరికైనా పన్ను దిగితే సబ్బు రాసి పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు వెళ్లాలి. పెంపుడు కుక్కకు కాటు పడితే, టీకాలు సరిగా ఉన్నా, డాక్టరుకు చూపించాలి.

వాసన నడక

నాలుగో వారం నుంచి వారానికి మూడు రోజులు పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట వైపు. ఇది కొలతలకు లొంగని నడక. నవారు వీపు రింగుకు, చేతిలో వదులుగా. ఎటు పోవాలో కుక్క నిర్ణయిస్తుంది, ఎక్కడ ఎంతసేపు ఆగాలో కూడా. ముప్పై నిమిషాల్లో మూడు వందల మీటర్లు నడిచినా చాలు. ఒక రోజు ఒకే తుమ్మ మొద్దు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడింది: మొదట పైపైన ముక్కు ఆడించింది, తర్వాత చొంగ కారేలా నోరు కొద్దిగా తెరిచి పళ్లు టకటకలాడించింది, చివరికి ఒళ్లంతా ఒకసారి దులుపుకొని తనంతట తనే పక్కకు నడిచింది. ఆ దులుపుడు మనసు దిగిందనడానికి గుర్తు. లీష్ గుంజి "పా పా" అనేవాళ్లకు అది ఎన్నటికీ కనిపించదు. ఆ రోజు ఇంటికొచ్చాక పడుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది, పాత బంతాట తర్వాత గంట పైన పట్టేది.

కట్ట మీద జాగ్రత్తలు వేరు. చేపలు పట్టేవాళ్లు వదిలేసిన గాలాలు, నైలాన్ దారం రాళ్ల సందుల్లో ఉంటాయి. గాలం మింగినా, పెదవికి దిగినా అక్కడ పీకే ప్రయత్నం చేయకుండా దారం మూరెడు వదిలి కత్తిరించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గుంటల్లో నిలవ నీరు తాగనివ్వొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో కుక్కలకు వచ్చే జబ్బు మనుషులకూ అంటుతుంది. పొద్దుగూకాక మోకాలెత్తు గడ్డిలోకి పోనివ్వొద్దు, రక్తపింజర భయం. ఇంటికి రాగానే వేళ్ల సందులు, చెవుల లోపలి మడతలు, చంకలు వేలితో తడిమి చూడాలి.

ఆట మళ్లీ మొదలు

బంతిని బీరువాలోంచి తీసింది ఐదో వారంలో. పాత టెన్నిస్ బంతి పారేశారు. పెద్ద లాబ్రడార్ గొంతులో అది ఇరుక్కోగలదు, పైనున్న బొచ్చు మట్టి పట్టి పళ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. దాని బదులు పిడికిట్లో పట్టనంత రబ్బరు బంతి. డాబా పూర్తిగా బంద్. జారే సిమెంటు ఒక కారణం. రెండోది పిట్టగోడ. ఎత్తు మూడడుగులే, అవతలి చెట్టు మీదికి కోతులొస్తాయి, ఊపులో ఉన్న కుక్కకు గోడ అవతల ఏముందో తెలియదు.

ఖాళీ ప్లాటు మట్టి మీద ఆట. ఒక పూటకు ఆరు విసుర్లు, అంతకు మించి లేదు. విసిరే ముందు కుక్క కూర్చుంటుంది. బంతి ఆగాక ఐదు లెక్కపెట్టి "తే". గాలిలోకి ఎగరేసి విసరొద్దు, నేల మీద దొర్లించాలి. ఎగిరి, మెలి తిరిగి దిగితే ఎదుగుతున్న కీళ్లకు చేటు. ఆరింటిలో రెండుసార్లు కుక్కను గోడ చాటున ఉంచి బంతిని గడ్డిలో దాచి "వెతుకు" అనాలి. రాకీకి అన్నిటికంటే నచ్చింది ఇదే.

తాడాటకు పాత జీన్స్ కాళ్లు రెండు చీల్చి, జడ అల్లి, రెండు కొసలా ముడి వేసిన మూరన్నర పేలిక. నియమాలు: మనిషి "పట్టు" అంటేనే పట్టాలి. పది సెకన్లు గుంజాక మనిషి చేతులు మోకాలికి ఆనించి కదలకుండా ఆగితే ఆట చచ్చిపోతుంది, కుక్క వదులుతుంది, వదలగానే "పట్టు". ఇలా వదలడమే ఆటలో భాగమవుతుంది. పళ్లు చర్మానికి తగిలితే ఆ పూటకు ఆట అయిపోయినట్టే, కోపం లేకుండా. ఒక్కో ఆట మూడు నిమిషాలు. చివర్లో ఎప్పుడూ గింజలు చల్లి వెతికించాలి, ఊపు మీదున్న కుక్కను అలాగే ఇంట్లోకి తేవొద్దు.

ఎండాకాలం గడియారం

ఏడున్నర నడక మార్చిలోనే తప్పు, ఏప్రిల్‌లో ప్రమాదం. మే నెల నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఐదూ నలభై ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. నడక ఐదుంపావుకు మొదలై ఆరు లోపు ముగిసింది. సాయంత్రం తారు రోడ్డు సూర్యుడు దిగాక కూడా గంటన్నర వేడి పట్టుకుంటుంది. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదానికీ పనికిరాదు. అందుకే రాత్రి ఎనిమిదిన్నరకు ప్లాటు మట్టి మీద పది నిమిషాలు చాలన్నాం.

కుక్కకు చెమట పోసేది పాదాల దగ్గర కొంచెమే, వేడంతా రొప్పుతూ పోగొట్టుకోవాలి. ఆట మధ్యలో నాలుక కొస గరిటెలా వెడల్పయి పక్కకు వేలాడితే అక్కడే ఆపాలి. చొంగ చిక్కబడటం, చిగుళ్లు ముదురు ఎరుపు కావడం, తూలడం వడదెబ్బ. ముందు చల్లార్చాలి, తర్వాత బండి ఎక్కించాలి: నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టాలి, తడిగుడ్డ కప్పి వదిలెయ్యొద్దు, అది వేడిని లోపలే పట్టేస్తుంది. థర్మామీటరు ఉంటే 39.5 డిగ్రీలకు దిగాక నీళ్లు ఆపి దవాఖానకు తీసుకెళ్లాలి.

ఆరో వారం

బడి సెలవులకు హైదరాబాద్ నుంచి మేనమామ కొడుకు వచ్చాడు. రాకీని చూసి ముచ్చటపడి రెండు సాయంత్రాలు డాబా మీదికి తీసుకెళ్లి బంతి విసిరాడు, ఎవరికీ చెప్పలేదు. మూడోరోజు పొద్దున లీష్ బిగుసుళ్లు వంద అడుగులకు రెండు నుంచి ఎనిమిదికి ఎగబాకాయి, రాత్రి దిండు ఒకటి చిరిగింది. నానమ్మే పట్టుకుంది: "మల్ల పాత లెక్కనే ఉరుకుతుంది, ఎవరో బంతి ఆడిచ్చిండ్రు." రెండు రోజులు నడక ఆపి, తువ్వాలు చుట్టలు, గోనెసంచి నిద్రకు తిరిగి వచ్చాక నాలుగో రోజుకు లెక్క దిగింది. డాబా తలుపుకు తాళం పడింది. ఆ అబ్బాయికి ప్లాటులో "వెతుకు" ఆట నేర్పించారు, వెళ్లేదాకా రోజూ వాడే ఆడించాడు.

ఎనిమిదో వారం చివర నోట్‌బుక్‌లో: నిద్ర పదిహేనున్నర గంటలు, వంద అడుగులకు బిగుసుడు ఒకటి, ఏడింటి సుడిగాలి వారంలో ఒకసారి. రోజు మొత్తం నడక, ఆట కలిపి నలభై నిమిషాలు. మొదట గంటన్నర ఉండేది. పాదం మెత్త మానింది కానీ కొత్త చర్మం ఇంకా పలచగానే ఉంది.

వానలు మొదలయ్యాక చూస్తే రెండు పనులు మిగిలాయి. ఇంటికి చుట్టాలొస్తే ఇప్పటికీ ముందు కాళ్లెత్తి మీదికి దూకుతుంది. తలుపు దగ్గర పరిచిన చాప మీద కూర్చోబెట్టే పాఠం సగంలో ఉంది. బరాత్‌లో డీజే మోగితే మంచం కిందికి దూరుతుంది, ఆ పూట నడక పెట్టొద్దని రాసిచ్చాం. నానమ్మ ఇప్పుడు పొద్దున ఐదింటికి లేచి నవారు తనే పట్టుకుంటోంది, కానీ ప్లాటు దాకా మాత్రమే.